ఫర్వాలేదండి, ఆకలి లేదు

ఒకటో రోజు

తలుపు మూసుకున్న చప్పుడు వినగానే పొయ్యి ఆపానో లేదో అన్న అనుమానం వచ్చింది. పదహారేళ్ళుగా వంటశాలలో వడ్డిస్తున్నదాన్ని, తలుపు మూస్తే ముందు నాకు గుర్తొచ్చేది పొయ్యే. ఇక్కడ పొయ్యి లేదు. మూడు మంచాలు, ఒక స్నానాల గది, గోడకో మందపాటి అద్దం, అద్దం అవతల డాక్టర్ హైమావతి. రోజూ ఏం జరిగిందో, ఎలా అనిపించిందో రాయమని ఆవిడే ఈ పుస్తకం ఇచ్చింది. పరీక్ష పూర్తయ్యేదాకా ఎవరూ చదవరట. అయితే ఉన్నదున్నట్టు రాస్తాను.

నా పేరు భ్రమరాంబ. ఊరు ఐదో లంక. లంక అంటే చుట్టూ నీళ్ళుండాలని మా తాతమ్మ అంటుండేదట. మాకు చుట్టూ చంద్రుడి రాయే. గోదారి వదిలేసి వచ్చిన మొదటి తరం వాళ్ళు పేర్లు మాత్రం వదల్లేకపోయారు, అందుకని ఈ సొరంగాలన్నీ లంకలయ్యాయి.

ఈ ఏడు వరిమళ్ళకి తెగులు తగిలి సగం పంట పోయింది. సరుకుల ఓడ రావడానికి ఇంకా ఏడు నెలలుంది. రోజు విడిచి రోజు తింటే అందాకా నెట్టుకురావచ్చని పెద్దల సంఘం లెక్క తేల్చింది. తినని రోజు తట్టుకోవడానికే ఈ సూది. ఆకలి కబురు మోసే హార్మోన్ ఒకటుందట, సూది దాన్ని దారిలోనే ఆపేస్తుందట. అప్పుడు కడుపు నెమ్మదిస్తుంది, తిన్నది చాలాసేపు నిలుస్తుంది, ఆకలి వెయ్యదు. ముందు ఆరోగ్యంగా ఉన్న ముగ్గురి మీద చూసి, తర్వాత ఆరేళ్ళు దాటిన పిల్లలతో సహా లంక మొత్తానికి ఇస్తారట. మా అమ్మాయి ఉదయినికి ఎనిమిదేళ్ళు. "ముందు నాకెక్కించి చూడండి" అని నేనే చెయ్యెత్తాను.

పద్నాలుగు రోజులు. మా ఊపిరిని కొలుస్తారు కాబట్టి ఈ గది గాలి బయట గాలితో కలవకూడదు, తలుపు మధ్యలో తియ్యరు. పదమూడో రోజు ఆఖరి ప్రశ్నకి ముగ్గురిలో ఇద్దరు 'ఆకలి' అంటే మందు చాలలేదని అర్థం. అప్పుడు ఇదే ముగ్గురితో, ఇదే గదిలో, మందు పెంచి మళ్ళీ మొదట్నుంచీ. ఈ ముక్క ఒప్పంద కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. చదివే సంతకం పెట్టాను.

రెండో రోజు

పొద్దున్న గోడలోని కంతలో చెయ్యి పెడితే అవతల్నించి సూది వేశారు. తర్వాత ఉప్మా వచ్చింది. తాలింపు లేదు, అల్లం లేదు, ఉప్పు లేదు. నూట యాభై గ్రాములు తూచి పంపారు. కడుపు దాటగానే ఊపిరిలో తేలే మందేదో అందులో కలిపారు. పావుగంటకోసారి గొట్టంలోకి ఊదుతుంటే ఉప్మా ఎంతదూరం పోయిందో వాళ్ళకి తెలుస్తుంది. నడుముకో పట్టీ కట్టారు, అది కడుపు కదలికని తెరమీద అలల్లాగా గీస్తుంది. మామూలు కడుపుకి నిమిషానికి మూడు అలలట. ఇన్నేళ్ళూ నాలో ఈ సందడంతా జరుగుతున్నట్టు నాకు తెలియనే తెలియదు.

నాతో పాటు ఇద్దరున్నారు. గవర్రాజుగారు సొరంగాలు తవ్వుతారు, యాభై ఏళ్ళుంటాయి, ఆయన కూర్చుంటే మంచం కనపడదు. రెండో ఆయన పద్మనాభం మాస్టారు. సగం లంకకి లెక్కలు నేర్పింది ఆయనే, నాతో సహా. నాకు రాలేదంటే తప్పు ఆయనది కాదు.

సాయంత్రం గోడలోని పెట్టె మాట్లాడింది. దాన్ని కేంద్రం నుంచి పంపారు, పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడుతుంది.

"మీకు ప్రస్తుతం ఆకలిగా ఉన్నదా? సున్న నుండి పది వరకు ఒక అంకె చెప్పండి."

"సున్నండి," అన్నారు మాస్టారు. పెట్టెకి కూడా 'అండి' తగిలించారు.

"ఆయ్, నాకూ సున్నేనండి," అన్నారు గవర్రాజుగారు.

నేనూ సున్న అన్నాను. ఈ రోజుకి అది నిజమే.

నాలుగో రోజు

తెరమీద అలలు చిన్నవయ్యాయి. ఉప్మా సగం ఖాళీ కావడానికి మొదటిసారి గంటంబావు పట్టింది, ఇవాళ అయిదు గంటలు పట్టింది. హైమావతిగారి మొహం వెలిగిపోతోంది. "మందు పనిచేస్తోందమ్మా, చక్కగా పనిచేస్తోంది" అని అద్దం మీద వేలితో కొట్టి మరీ చెప్పారు. ఆవిడ చెంపలు బాగా లోపలికి పోయాయి. బయట వాళ్ళంతా ఒంటిపూట తింటున్నారు, డాక్టర్లు కూడా.

"కాలవ కట్టేసినట్టుందండీ కడుపులో," అన్నారు గవర్రాజుగారు. ఆయన పుట్టాక కాలవ అన్నది చూసి ఎరగరు. వాళ్ళ నాయనమ్మ మాట అది.

నాకు మాత్రం మధ్యాహ్నం నుంచి చేతులు కొంచెం వణుకుతున్నాయి. కడుపు బరువుగానే ఉంది, అందుకని పట్టించుకోలేదు. పెట్టె అడిగితే సున్న అన్నాను.

ఆరో రోజు

నిన్నటి నుంచి రోజు విడిచి రోజు తిండి. ఇవాళ తిండి లేని రోజు.

ఇదేం ఆకలో నాకు అర్థం కావడం లేదు. కడుపులో నిన్నటి ఉప్మా రాయిలా అలాగే ఉంది, ఇంకో ముద్ద పెడితే కక్కేలా ఉన్నాను. అయినా ఆకలి. మోకాళ్ళకి ఆకలి, దవడలకి ఆకలి, కళ్ళకి ఆకలి. కడుపు ఒక్కటే నోరు మూసుకుంది, మిగతా ఒళ్ళంతా అరుస్తోంది. గోడకున్న తెల్ల సున్నం చూస్తే పెరుగన్నం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మిగతా ఇద్దరివంకా చూశాను. గవర్రాజుగారు తువ్వాలు కొసని నోట్లో పెట్టుకుని నములుతున్నారు, నేను చూడగానే తీసేశారు. మాస్టారు పుస్తకంలో గంట నుంచి ఒక్క పేజీ తిప్పలేదు.

పెట్టె అడిగింది. సున్న, సున్న, సున్న.

నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. పదహారేళ్ళు వడ్డించినదాన్ని, నాకు తెలియదా? మా లంకలో ఎవరైనా మొదటిసారి "చాలు" అంటే ఇంకో గరిటె వెయ్యమని. రెండోసారి "వద్దొద్దు" అంటే సగం గరిటె. మూడోసారి పళ్ళానికి చెయ్యి అడ్డం పెడితేనే నిజంగా చాలు. మొదటిసారికే మానేసి వెళ్ళిపోయే వడ్డనమనిషిని మా వాళ్ళు నెలరోజులు తిట్టుకుంటారు. ఈ పెట్టె ఒక్కసారి అడుగుతుంది, మేం "లేదండి" అంటాం, అది నిజమనుకుని రాసుకుంటుంది. ఆ రాసుకున్నది చూసి లంక మొత్తానికి సూది వేస్తారు.

ఇంత తెలిసీ నేను సున్న ఎందుకన్నాను? ఒంటిపూట తిని నిలబడ్డ ఆ డాక్టరమ్మ ముందు ఆకలని అనడానికి నోరు రాలేదు. అంతే. మొహమాటం. చావొచ్చినా వదలని మాయదారి మొహమాటం.

ఎనిమిదో రోజు

ఇవాళ పిల్లల్ని చూడనిచ్చారు. మా ఆడపడుచు ఉదయినిని తీసుకొచ్చింది. అద్దానికి ఆ పక్కన మాట్లాడితే ఈ పక్క చిన్న గొట్టంలో వినిపిస్తుంది.

నా కూతురి చేతులు చూశాను. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

"ఏమే, సరిగ్గా తింటున్నావా?"

"బళ్ళో మధ్యాహ్నం అన్నం ఆపేశారమ్మా. ఎవరికన్నా ఆకలేస్తే చెయ్యెత్తమంటారు, వాళ్ళకి మాత్రం పెడతారు."

"నువ్వెత్తుతున్నావా?"

"నేనెందుకెత్తుతాను?" అంది గొప్పగా. "నువ్వు రోజూ సున్న అని చెప్తున్నావంట కదా, బోర్డు మీద రాస్తున్నారు. మా అమ్మకే ఆకలి లేదు, నాకూ లేదు అని చెప్పాను. టీచరు అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఇప్పుడు మా క్లాసులో ఒక్కళ్ళు కూడా చెయ్యెత్తట్లేదు."

మా ఆడపడుచు తల వంచుకుంది. పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది, నేను మెచ్చుకుంటానని చూస్తోంది.

"చెయ్యెత్తవే తల్లీ," అన్నాను. "ఆకలేస్తే ఎత్తాలి."

"నువ్వు ఎత్తావా?" అంది.

సమయం అయిపోయిందని తీసుకెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక నేను ఆ అద్దాన్ని గుద్దాను. చెయ్యి వాచింది గానీ అద్దానికేం కాలేదు.

తొమ్మిదో రోజు

పెట్టె అడిగింది. "తొమ్మిది," అన్నాను. గదిలో ఇద్దరూ తలలెత్తి చూశారు.

అది చెప్పింది. "మీ సమాధానము మిగిలిన ఇద్దరి సమాధానములతో పొసగలేదు. లెక్క నుండి పక్కన పెట్టడమైనది."

నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళిద్దరివంకా తిరిగాను.

"అన్నయ్యగారూ, మీరు తువ్వాలు నమలడం నేను చూడలేదనుకుంటున్నారా?"

"నాకేటండి చెల్లెమ్మగారూ, బానే ఉంది. ఆ తువ్వాలంటారా, అలవాటండి."

"ఏం అలవాటు? బట్ట తినే అలవాటా?"

ఆయన గోడవైపు తిరిగారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా భ్రమరాంబా, ఆవిడే ఒంటిపూట తింటోంది. ఆవిడ ముందు ఆకలని ఎలా అంటాం? మర్యాదేనా?"

"మన మర్యాదకి బళ్ళో పిల్లలు ఎండుతున్నారు మాస్టారూ. మీ పిల్లలే, మీరు పాఠం చెప్పే పిల్లలు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత చాలా చిన్న గొంతుతో అన్నారు. "మర్యాద ఒక్కటే కాదమ్మా. నాకు మూసిన గది పడదు. తవ్వకంలో కుర్రప్పుడు రెండు రోజులు రాళ్ళకింద ఉండిపోయాను. పద్నాలుగు రోజులంటే పళ్ళు బిగించుకుని వచ్చాను. ఇంకో పద్నాలుగు నా వల్ల కాదు."

లంకలో ఎవరికీ లేనట్టు మూడు కిటికీల ఇల్లున్న మనిషి కాబట్టి ఇంతలా భయపడుతున్నారని ఎగతాళి చేద్దామనుకున్నాను, చెయ్యలేకపోయాను. నిజం చెప్పాలంటే నాక్కూడా ఆ తలుపు వంక చూసినప్పుడల్లా తన్ని తెరవాలనిపిస్తోంది. నేను నిజం చెబితే నేనే కాదు, ఈయన కూడా ఇక్కడే మిగిలిపోతారు.

పదకొండో రోజు

హైమావతిగారితో పోట్లాడాను. అద్దం దగ్గర నిలబడి అంతా చెప్పాను. కడుపు ఆగిన మాట నిజమే, మీ అలలు, మీ గొట్టాలు అబద్ధం చెప్పడం లేదు. ఆకలి మాత్రం ఆగలేదు, దారి మార్చుకుంది అన్నాను. వాళ్ళని ఇంకోసారి అడగండి, మూడుసార్లు అడగండి అన్నాను.

"ఒక్కసారే అడగాలని నియమం భ్రమరాంబగారూ. రెండోసారి అడిగితే జవాబు మేం లాక్కున్నట్టు అవుతుంది."

"మీరు ఎక్కడ పుట్టారు?"

"రెండో లంకలో. తెలుసుగా."

"మీ ఇంట్లో చుట్టానికి ఒక్కసారే వడ్డిస్తారా?"

ఆవిడ కళ్ళు దించుకుంది. "నాకు తెలుసు," అంది చివరికి. "ఆరో రోజు నుంచీ అనుమానంగానే ఉంది. మీ ముగ్గురి బరువూ తగ్గుతోంది, చేతులు వణుకుతున్నాయి. కానీ సంఘం చూసేది ఆకలి అంకెనే. ఆ అంకె నేను మార్చలేను. పైగా మార్చాలని నాకు లేదేమో కూడా. మందు పనిచెయ్యకపోతే నా దగ్గర ఇంకో దారి లేదు."

ఆవిడ అంత నిజాయితీగా అనేసరికి నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. అద్దానికి చెరోపక్కా ఇద్దరం ఆకలితో నిలబడ్డాం.

"పదమూడో రోజు సంఘం వాళ్ళ ముందు తింటాం కదా. ఎవరు వడ్డించాలన్న నియమం ఏమైనా ఉందా?" అని అడిగాను.

ఆవిడ కాగితాలన్నీ తిరగేసింది. "లేదు," అంది.

"అయితే ఉప్మా తూచకుండా గిన్నెతో పంపండి. గరిటె కూడా. తినేటప్పుడు పెట్టె వింటూ ఉంటుందా?"

"పూర్తయిందని మీరు చెప్పేదాకా వింటుంది."

పదమూడో రోజు

సంఘం నుంచి ముగ్గురు వచ్చి అద్దం అవతల కుర్చీల్లో కూర్చున్నారు. పెట్టె ఆఖరి ప్రశ్న అడిగింది. మాస్టారు సున్న, నేను తొమ్మిది, గవర్రాజుగారు సున్న. సంఘం పెద్దాయన అప్పుడే తల ఊపి కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు.

గిన్నె లోపలికి వచ్చింది. నేను కొంగు బిగించి గరిటె తీసుకున్నాను. పదమూడు రోజుల తర్వాత గరిటె చేతికొస్తే నాలో మనిషి తిరిగొచ్చినట్టయింది. ఇద్దరికీ చెరో గరిటె వేశాను, నేనూ ఒకటి వేసుకున్నాను. చంద్రుడి మీద బరువు తక్కువ కదా, ఉప్మా కూడా తాపీగా, దూది రాలినట్టు పళ్ళెంలో పడుతుంది.

వాళ్ళు కష్టపడి మింగారు. గవర్రాజుగారి దగ్గరికి వెళ్ళాను.

"ఇంకాస్త వెయ్యనా అన్నయ్యగారూ?"

"చాలండి, చాలండి."

ఒక గరిటె వేశాను. ఆయన తినేశారు. పళ్ళెం తుడిచినట్టయింది.

"ఇంకొంచెం?"

"వద్దొద్దండీ బాబూ, కడుపులో చోటు లేదండి."

సగం గరిటె వేశాను. కడుపులో చోటు లేదన్నమాట నిజమే, ఆయన మింగలేక నీళ్ళు తాగుతున్నారు. అయినా ఒక్క రవ్వ కూడా వదల్లేదు. మూడోసారి ఆయన ముందు కూర్చుని అడిగాను, మా వంటశాలలో అడిగినట్టే అడిగాను.

"అన్నయ్యగారూ, నా మీద ఒట్టు. ఆకలేస్తోందా?"

గరిటెవంక చూస్తూ ఉండిపోయారు. ఆ పెద్ద మొహం అంతా ఒక్కసారి నలిగిపోయింది. పళ్ళానికి చెయ్యి అడ్డం పెడతారనే అనుకున్నాను. పెట్టలేదు. రెండు చేతులతో పళ్ళెం ఎత్తి నా ముందుకు చాపారు.

"వెయ్యండి చెల్లెమ్మగారూ. ఉన్నదంతా వెయ్యండి. కక్కుకున్నా ఫర్వాలేదండి."

"నాకు కాదు, పెట్టెకి చెప్పండి. ఎంత ఆకలి?"

"పది, పదండి," అన్నారు. ఏడుస్తున్నారు. "పదికి పైన అంకె లేదాండీ?"

పెట్టె లోపల ఏదో టిక్కుమంది. తర్వాత, "సమాధానము సవరించడమైనది" అంది. "ముగ్గురిలో ఇద్దరికి ఆకలి ఉన్నది."

అద్దం అవతల పెద్దాయన కాగితం మీద రాసింది కొట్టేశాడు. హైమావతిగారు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మాస్టారి దగ్గరికి వెళ్ళాను. నేను అడగకముందే ఆయన పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టేశారు. నేను గరిటె చాపినా చెయ్యి తియ్యలేదు.

"నన్నెందుకు ఇందులో ఇరికించావమ్మా?" అన్నారు. లేచి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన బయటపడే దారి మూసింది నేనే, నా కూతురి కోసం మూశాను. ఆ పాపం నాకు తెలుసు.

పద్నాలుగో రోజు

తలుపు తెరుచుకోవాల్సిన వేళకి తెరుచుకోలేదు. మందు ఒకటిన్నర రెట్లు చేశారు. గవర్రాజుగారు పొద్దున్నుంచి మాస్టారి మంచం పక్కన నేలమీద కూర్చుని, తను తవ్విన సొరంగాల కబుర్లు చెబుతున్నారు. ఆ రాళ్ళకింద మాస్టారిని తవ్వి తీసినవాళ్ళలో గవర్రాజుగారి నాన్న ఉన్నాడట, మాస్టారికి కూడా ఇవాళే తెలిసింది. ఆయన ఇంకా గోడవైపే ఉన్నారు గానీ వింటున్నారు.

పదింటికి సంఘం కాగితం వచ్చింది. ఈ గది లెక్క తేలేదాకా లంకలో ఎవరికీ సూది లేదు, రోజు విడిచి రోజు తిండీ లేదు. బళ్ళో మధ్యాహ్నం అన్నం ఇవాళ్టి నుంచి మళ్ళీ పెడతారు. చెయ్యెత్తక్కర్లేదు, అందరికీ. దానికోసం పెద్దవాళ్ళ ఒంటిపూటలో ఇంకో పిడికెడు కోస్తారు. బయట నన్ను తిట్టుకునేవాళ్ళు చాలామందే ఉంటారు.

మధ్యాహ్నం ఉదయిని వచ్చింది. హైమావతిగారే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇవాళ నేను ఇంటికి వస్తానని జడలు వేయించుకుని, ఉతికిన గౌను వేసుకుంది. అద్దం దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి అరిచింది.

"నువ్వు సున్న అనుంటే వచ్చేసేదానివి! అందరూ చెప్పారు. నువ్వే చెడగొట్టావంట!"

"అవునే. నేనే చెడగొట్టాను."

"ఎందుకు?"

"ఆకలేసింది తల్లీ. చాలా ఆకలేసింది. ఆరో రోజు నుంచీ వేస్తోంది. లేదని అబద్ధం చెప్పాను."

అది నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. అబద్ధం చెప్పానని వాళ్ళమ్మ నోటివెంట వినడం దానికి ఇదే మొదటిసారి. కింద పెదవి వణికింది. ఏడవకూడదని చాలా గట్టిగా ప్రయత్నించింది, వల్లకాలేదు. పరుగెత్తుకొచ్చి అద్దానికి అతుక్కుపోయింది.

"నాక్కూడా వేస్తోందమ్మా," అంది. "రోజూ వేస్తోంది. నిన్న బళ్ళో సుద్దముక్క తిన్నాను."

దాని మొహానికీ నా చేతికీ మధ్య బెత్తెడు గాజు ఉంది. నేను దాన్ని ఎత్తుకోలేను, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టలేను. పద్నాలుగు రోజుల్లో ఈ గది ఇంత ఇరుగ్గా ఎప్పుడూ లేదు. నేను ఏడిస్తే అది ఇంకా ఏడుస్తుందని కళ్ళు తుడుచుకుని హైమావతిగారి వంక చూశాను. నేనేమీ చెప్పకముందే ఆవిడ వంటశాల వైపు వెళ్ళిపోయింది.

పళ్ళెంతో తిరిగొచ్చింది. అన్నం, నీళ్ళపప్పు. నా కూతురు అద్దానికి ఆనుకుని నేలమీద కూర్చుంది. నేనూ ఈ పక్క కూర్చున్నాను. అది చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి తినడం మొదలుపెట్టింది. గబగబా తింది, పొలమారింది, నీళ్ళు తాగి మళ్ళీ తింది. నాలో ఉప్మా కదలకుండా ఉంది, ఒళ్ళంతా ఆకలిగా ఉంది, అయినా దాని దవడలు కదులుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాను.

పళ్ళెం ఖాళీ చేసింది. వేళ్ళు నాక్కుంది. హైమావతిగారు ఇంకా ఏమీ అడగలేదు. ఉదయిని పళ్ళెం పైకెత్తి ఆవిడకి చూపించింది.

"ఇంకా కావాలి," అంది.